పెద్ద చదువా, అడిగిన చదువా? - ఉద్యోగ నోటిఫికేషన్లలో విద్యార్హత గురించి ఒక పాఠం

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు ఫోన్ చేసినప్పుడు, మొదట కొల్లేరు మీద ఒక కవిత రాద్దామనుకున్నాను. కొల్లేటి పక్షుల మీద కవితలు ప్రతి సంవత్సరం నాలుగైనా వస్తాయని, తమ్ముళ్ళకు ఉద్యోగాల విషయంలో పనికి వచ్చేది రాస్తే బాగుంటుందని సారే అన్నారు. సరే, నాకు తెలిసినది, తెలియక నష్టపోయినది ఇక్కడ రాస్తున్నాను. తప్పులుంటే పెద్దలు మన్నించగలరు.

ప్రభుత్వ ఉద్యోగం కోసం మనం గైడ్లు కొంటాం, బిట్లు బట్టీ పడతాం, తెల్లవారుజామున లేచి మోడల్ పేపర్లు చేస్తాం. నోటిఫికేషన్ మాత్రం చదవం. పోస్టులెన్ని, ఫీజు ఎంత, ఆఖరి తేదీ ఎప్పుడు, ఈ మూడూ పేపర్లో చూసుకుని నెట్ సెంటర్‌కు వెళ్ళిపోతాం. ఆ నోటిఫికేషన్ లోపల ‘విద్యార్హతలు’ అని ఒక పేరా ఉంటుంది. ఉద్యోగాల మీద కోర్టుకెక్కే తగాదాల్లో చాలా వాటికి ఆ పేరాయే మూలం. పరీక్ష తప్పినవాడు రెండు రోజులు బాధపడి మళ్ళీ పుస్తకం తీస్తాడు. మార్కులు వచ్చి, జాబితాలో పేరు వచ్చి, ఊళ్ళో అందరికీ చెప్పుకున్నాక సర్టిఫికెట్ల పరిశీలన బల్ల దగ్గర ఆగిపోయినవాడు ఊళ్ళోకి ఎలా వెళ్ళాలో తెలియక బస్టాండులోనే కూర్చుంటాడు. నేను అలా కూర్చున్నాను కాబట్టి చెబుతున్నాను. నా సంగతి తర్వాత చెబుతాను, ముందు మా అక్క సంగతి.

మా అక్క చదివిన బి.ఇడి.

మాది కొల్లేటి లంక గ్రామం. నాన్న చేపల చెరువుల మీద మేత బస్తాలు కట్టే పనికి వెళతారు. పెద్దమ్మ వాళ్ళదీ అదే పని. పెద్దమ్మ కూతురు 2019లో ఏలూరులో బి.ఎస్సి. పూర్తి చేసింది. టీచరు కావాలని దాని కోరిక. డి.ఇడి.కి వెళ్ళాలా, బి.ఇడి.కి వెళ్ళాలా అని ప్రశ్న వచ్చింది. తెలిసినవాళ్ళను అడిగితే అందరూ ఒకే మాట చెప్పారు: “డి.ఇడి. ఇంటర్ మీద చదివేది. డిగ్రీ అయ్యాక మళ్ళీ వెనక్కి వెళతావా? బి.ఇడి. చెయ్యి, పెద్ద బడికీ పనికొస్తుంది, చిన్న బడికీ పనికొస్తుంది.” ఆ రోజుకు ఆ మాట నిజమే. అక్క తాడేపల్లిగూడెంలో బి.ఇడి.లో చేరింది. పెద్దమ్మ డ్వాక్రా అప్పు తీసుకుని ఫీజు కట్టింది. మధ్యలో కరోనా వచ్చి, 2021లో చదువు ముగిసింది. అప్పటినుండి ఒక ప్రైవేటు స్కూల్లో చెబుతూ, రాత్రిళ్ళు డి.ఎస్.సి.కి చదివింది.

2024 ఫిబ్రవరి 12న 6,100 పోస్టులతో డి.ఎస్.సి. నోటిఫికేషన్ వచ్చింది. అందులో 2,280 ఎస్.జి.టి. పోస్టులు. బి.ఇడి. వారూ ఎస్.జి.టి.కి దరఖాస్తు చేయవచ్చునని ఉంది. అక్క మర్నాడే ఫీజు కట్టింది. ఆ నెల తిరగకుండానే రాష్ట్ర హైకోర్టు దానిని నిలిపివేసింది, ఎస్.జి.టి. పోస్టులకు బి.ఇడి. వారు కుదరదు అన్నది. తర్వాత ఎన్నికలు వచ్చి ఆ డి.ఎస్.సి.యే జరగలేదు. దాని స్థానంలో 2025 ఏప్రిల్ 20న 16,347 పోస్టులతో మెగా డి.ఎస్.సి. వచ్చింది. అందులో ఎస్.జి.టి.లు ఆరు వేలకు పైగా ఉన్నాయి. ఒక్కదానికి కూడా మా అక్క దరఖాస్తు చేయడానికి లేదు. స్కూల్ అసిస్టెంట్ బయాలజీకి రాసింది గాని రాలేదు.

“నేను వాళ్ళకన్నా ఎక్కువే చదివాను కదరా, తక్కువ చదివానా?” అని అక్క నన్ను అడిగింది. అప్పుడు నాకు జవాబు తెలియదు. జవాబు కోసం వెదుకుతుంటేనే ఈ పాఠమంతా తెలిసింది.

ఒక తలుపు ఎన్నిసార్లు తెరిచారు, ఎన్నిసార్లు మూశారు

ఎస్.జి.టి. అంటే సెకండరీ గ్రేడ్ టీచరు. పేరులో సెకండరీ అని ఉన్నా చెప్పేది 1 నుండి 5 తరగతుల చిన్నపిల్లలకు. (ఈ పేరు పెట్టినవారు ఎవరో గాని, సగం మందికి ఇక్కడే తికమక.) ఈ పోస్టుకు డి.ఇడి. వారా, బి.ఇడి. వారా అన్న తగాదా మా అక్కతో మొదలైనది కాదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 డి.ఎస్.సి. నాటికి ఇద్దరూ ఈ పోస్టుకు పోటీపడేవారు. బి.ఇడి. వారికి పై తరగతుల పోస్టులు కూడా ఉన్నాయి, మాకు ఇదొక్కటే ఉంది అని డి.ఇడి. వారి వాదన. ప్రభుత్వం ఆ డి.ఎస్.సి.లో 30 శాతం ఎస్.జి.టి. పోస్టులను డి.ఇడి. వారికి ప్రత్యేకించింది. దానితో ఉమ్మడి జాబితాలో మార్కులు వచ్చిన బి.ఇడి. అభ్యర్థులు కొందరు బయట మిగిలిపోయారు. వారు కోర్టుల చుట్టూ తిరిగారు. రాష్ట్రం రెండయింది. చివరకు 2021 జూన్‌లో మన రాష్ట్ర ప్రభుత్వం 2,193 మందిని మినిమమ్ టైమ్ స్కేలు మీద తీసుకుంటామని ప్రకటించింది. 2008లో పాతికేళ్ళ వయసున్న అభ్యర్థికి అప్పటికి 38 ఏళ్ళు.

ఈలోగా 2010 ఏప్రిల్ 1 నుండి విద్యాహక్కు చట్టం అమలులోకి వచ్చింది. ఆ చట్టం 23వ సెక్షన్ ప్రకారం టీచరుకు కనీస అర్హత ఏమిటో దేశమంతటికీ ఒకే సంస్థ నిర్ణయించాలి. ఆ సంస్థ జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, అంటే ఎన్.సి.టి.ఇ. అది 2010 ఆగస్టు 23న ఇచ్చిన నోటిఫికేషన్‌తోనే టెట్ పరీక్ష వచ్చింది. 1 నుండి 5 తరగతులకు ఇంటర్, దాని మీద రెండేళ్ళ డిప్లొమా అర్హత అయ్యాయి. బి.ఇడి. వారికి 2012 జనవరి 1 వరకు మాత్రమే సడలింపు ఇచ్చి, తర్వాత తలుపు మూశారు.

2018 జూన్ 28న ఎన్.సి.టి.ఇ.యే మళ్ళీ తలుపు తెరిచింది. డిగ్రీలో 50 శాతం మార్కులు ఉండి బి.ఇడి. చేసినవారు కూడా చిన్న తరగతులకు అర్హులే, కాకపోతే ఉద్యోగంలో చేరిన రెండేళ్ళలోపు ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేయాలి అని. అదే సంవత్సరం అక్టోబరులో వచ్చిన మన డి.ఎస్.సి.లో బి.ఇడి. వారిని ఎస్.జి.టి.కి రానిచ్చారు. మా అక్కకు అందరూ ‘రెండు బళ్ళకూ పనికొస్తుంది’ అని చెప్పింది దీన్ని చూసే.

రాజస్థాన్‌లో డిప్లొమా వారు దీన్ని ఒప్పుకోలేదు. కోర్టుకు వెళ్ళారు. 2021 నవంబరు 25న రాజస్థాన్ హైకోర్టు ఆ 2018 నోటిఫికేషన్‌ను కొట్టివేసింది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పే సరి అన్నది. 2024 ఏప్రిల్ 8న మరో వివరణ ఇచ్చింది: 2023 ఆగస్టు 11కు ముందే, కోర్టు షరతులేమీ లేకుండా చేరిన బి.ఇడి. టీచర్ల ఉద్యోగాలు పోవు, ఆ తర్వాత మాత్రం ఎవరినీ తీసుకోరాదు. అంటే ఒకే బి.ఇడి. పట్టా 2018 చివర ఎస్.జి.టి.కి చెల్లింది, 2024లో చెల్లలేదు. ఈ రెంటి మధ్య మన రాష్ట్రంలో పెద్ద డి.ఎస్.సి. ఒక్కటి కూడా పూర్తికాలేదు. తలుపు తెరిచి ఉన్నంత కాలం లోపలికి వెళ్ళడానికి మెట్లు లేవు, మెట్లు వేసేసరికి తలుపు మూశారు. మా అక్క వయసువాళ్ళ సంగతి ఇంతే.

2023 ఆగస్టు తీర్పు మన పేపర్లలో వచ్చింది. అక్కా చూడలేదు, నేనూ చూడలేదు. చూసి ఉంటే, 2024 ఫిబ్రవరిలో నోటిఫికేషన్ ఏమని చెప్పినా అది నిలబడదని ముందే అనుమానం వచ్చేది. ఆ ఆరు నెలలు అక్క ఎస్.జి.టి. సిలబస్ మాని స్కూల్ అసిస్టెంట్‌కు చదువుకునేది.

కోర్టు ఎందుకు అలా అన్నది

తీర్పు సారాంశం మన మాటల్లో చెబుతాను. బి.ఇడి. అనేది పై తరగతుల పిల్లలకు చెప్పడానికి తయారుచేసిన చదువు. అయిదారేళ్ళ పిల్లవాడికి అక్షరం పట్టించడం, అంకె పరిచయం చేయడం, బడి అంటే భయం పోగొట్టడం వేరే విద్య. అది డిప్లొమాలో నేర్పుతారు. నిర్బంధ విద్య హక్కు అని రాజ్యాంగంలో రాసుకున్నాక, ఆ హక్కు నాణ్యమైన చదువుకు హక్కు కావాలి గాని ఉత్త బడికి పంపే హక్కు కాదు. ఉద్యోగంలో చేరాక బ్రిడ్జి కోర్సు చేయాలని షరతు పెట్టడంలోనే, చేరేటప్పుడు వారికి ఆ విద్య లేదని ఒప్పుకున్నట్లయింది కదా అని కూడా కోర్టు ఎత్తి చూపింది.

నిజం చెప్పాలంటే, మా అక్క నష్టపోయిందని తెలిసీ, ఈ వాదన చదివినప్పుడు నేను కాదనలేకపోయాను. మా లంకలో నాకు ఒకటో తరగతి చెప్పిన సారు డి.ఇడి. వారే. మా నాన్నల దగ్గర చేపల పేర్లు అడిగి రాసుకుని, జెల్లతో ‘జ’, మట్టగిడసతో ‘మ’, కొరమీనుతో ‘క’ నేర్పారు. చింతపిక్కలతో కూడికలు. పదో తరగతి సైన్సు సారు ఎంత గొప్పవారైనా ఆ పని చేయలేకపోవచ్చు. ఇంట్లో పలక పట్టించేవాళ్ళు లేని మనలాంటి పిల్లలకు మొదటి టీచరే అన్నీ. కనుక చిన్న తరగతి చిన్న ఉద్యోగం అనుకోవడమే మనం చేసిన మొదటి పొరపాటు.

నా అభ్యంతరమల్లా వేరే. నియమం మంచిదే అయితే మొదటినుండీ అదే ఉండాలి. 2010లో వద్దని, 2018లో రమ్మని, 2023లో మళ్ళీ వద్దంటే, మధ్యలో ఆ మాట నమ్మి అప్పుచేసి చదివిన పిల్లల ఫీజు ఎవరిస్తారు? ఉన్నవాళ్ళ పిల్లలు మళ్ళీ ఇంకో కోర్సు చదువుకుంటారు. మనకు ఒక్కసారి తప్పితే ఇంట్లో రెండోసారి చదివించరు, చదివించాలని ఉన్నా చదివించలేరు.

పెద్ద చదువులో చిన్న చదువు ఉన్నట్టేనా

ఇది టీచర్లకే పరిమితమైన తగాదా కాదు గనుక ఇతర రాష్ట్రాల కేసులు రెండు మూడు చెబుతాను. టీచర్ల విషయంలోనే 2003లో కేరళ కేసులో సుప్రీంకోర్టు, ప్రైమరీ టీచరు పోస్టుకు అక్కడి టీచరు ట్రైనింగ్ సర్టిఫికెట్ కన్నా బి.ఇడి. ‘పైస్థాయి అర్హత’ కాదని, అవి రెండు వేరువేరు అర్హతలని చెప్పింది. 2023 నాటి తీర్పు కొత్తగా ఊడిపడింది కాదన్నమాట.

అయితే అదే కేరళ నుండి 2010లో వచ్చిన ఇంకో కేసు చూడండి. విద్యుత్ బోర్డులో సబ్ ఇంజనీరు పోస్టుకు డిప్లొమా అడిగారు. బి.టెక్. వారు దరఖాస్తు చేశారు. సుప్రీంకోర్టు వారు అర్హులే అన్నది. ఎందుకని? కింది అర్హత తనలో ఇమిడి ఉన్న పై అర్హతను ఒప్పుకోవచ్చునని కేరళ సర్వీసు నియమాల్లోనే రాసి ఉంది. 2018లో జమ్మూ కాశ్మీర్ విద్యుత్ శాఖ టెక్నీషియన్ పోస్టుల కేసు వచ్చింది. అక్కడ మెట్రిక్‌తో పాటు ఐ.టి.ఐ. అడిగారు. డిప్లొమా ఇంజనీర్లు మాది ఐ.టి.ఐ. కన్నా పెద్దదే కదా అన్నారు. అక్కడ అలాంటి నియమం లేదు. ఏది దేనికి సమానమో తేల్చేది ఉద్యోగమిచ్చే ప్రభుత్వం, కోర్టు కాదు అని చెప్పి సుప్రీంకోర్టు వారి వాదన తోసిపుచ్చింది. చూడటానికి రెండు కేసులూ ఒకటే. తేడా అంతా ఆ రాష్ట్రం నియమాల్లో ఉన్న ఒక్క వాక్యంలో ఉంది.

ఇంకా విచిత్రమైనది 2020 నవంబరు నాటి తీర్పు. ఒక జాతీయ బ్యాంకులో ప్యూన్ పోస్టుకు 12వ తరగతి చాలు, డిగ్రీ చదివి ఉండకూడదు అని ప్రకటనలో ఉంది. ఒడిశాలో ఒక డిగ్రీ అభ్యర్థి డిగ్రీ సంగతి దాచి దరఖాస్తు చేసి ఎంపికయ్యాడు. తర్వాత బయటపడింది. సుప్రీంకోర్టు అతనికి ఉద్యోగం ఇవ్వనక్కరలేదన్నది. ఎక్కువ చదివినవాళ్ళు ఆ పోస్టుకు వస్తే తక్కువ చదివినవాళ్ళు ఎక్కడికి వెళతారు అన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. మన వైపు కూడా అటెండరు పోస్టుకు పి.జి. చేసినవాళ్ళు దరఖాస్తు చేయడం నేను చూశాను. డిగ్రీ ఉండకూడదని ఎక్కడైనా రాసి ఉంటే దాచకండి తమ్ముళ్ళూ. దాచడం అనర్హత కన్నా పెద్ద తప్పు.

విజయనగరం కేసు

ఇప్పుడు మన ఇంటి కేసు. ఇది మనలాంటి సాంఘిక సంక్షేమ విద్యార్థులు చదివే బడికి సంబంధించినదే. విజయనగరం జిల్లాలో సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాల టీచరు పోస్టుకు ప్రకటన ఇచ్చారు. పి.జి.లో సెకండ్ క్లాసు ఉండాలన్నారు. థర్డ్ క్లాసు వచ్చిన ఒక అభ్యర్థిని దరఖాస్తు చేశారు, ఎంపికయ్యారు, ఉత్తర్వు కూడా అందుకున్నారు. చేరడానికి వెళ్ళి ఒరిజినల్స్ చూపించినప్పుడు అర్హత లేదని చేర్చుకోలేదు. ట్రిబ్యునల్ ఆమె పక్షాన తీర్పు ఇచ్చింది. 1990లో సుప్రీంకోర్టు దాన్ని మార్చింది.

ఆ తీర్పులో చెప్పిన కారణం మనం తప్పక తెలుసుకోవాలి. ప్రకటనలో ఒక అర్హత రాసి, దాన్ని పక్కనపెట్టి ఉద్యోగం ఇస్తే అది ఆ అధికారికీ, ఆ అభ్యర్థికీ మధ్య విషయం మాత్రమే కాదు. ఆమెలాంటి అర్హతే ఉండి, కొందరికి ఇంకా మంచి అర్హత ఉండి, ‘సెకండ్ క్లాసు అన్నారు కదా, మనకు రాదు’ అని దరఖాస్తు చేయకుండా ఇంట్లో కూర్చున్నవారు ఎందరో ఉంటారు. వారందరికీ అది అన్యాయం. వారు కోర్టులో కనిపించరు, కాని వారి పక్షాన కోర్టు ఆలోచించింది. ఇది చదివాక, అర్హత విషయంలో అధికారులు పట్టుదలగా ఉంటే ‘ఒక్క మార్కుకు ఏమవుతుంది’ అని విసుక్కోవడం నేను తగ్గించుకున్నాను.

తేదీ కూడా అర్హతే

నా సంగతి చెబుతానన్నాను కదా. 2022లో నా డిగ్రీ చివరి సెమిస్టరు పరీక్షలు అయిపోయాయి, ఫలితాలు రాలేదు. అప్పుడే ఒక కార్యాలయంలో తాత్కాలిక పోస్టుకు ప్రకటన పడింది. డిగ్రీ ఉండాలన్నారు. ‘ఫలితాలు ఎలాగూ వస్తాయి, ఇంటర్వ్యూ నాటికి చూపించవచ్చు’ అని దరఖాస్తు పెట్టాను. రాత పరీక్ష పాసయ్యాను. పరిశీలన రోజున నా ప్రొవిజనల్ సర్టిఫికెట్ తీసుకుని, గుమస్తా గారు ఏమీ మాట్లాడకుండా దాని మీద తేదీ కింద పెన్సిలుతో గీత గీశారు. దరఖాస్తు గడువు ముగిసిన పదకొండు రోజులకు నా ఫలితం వచ్చింది. నాన్న ఆ రోజు పనిమాని నాతో వచ్చారు. ఆయనకు ఆ గీత అర్థం కాలేదు. “పాసయ్యావు కదా, మరి ఏంటి?” అని బస్టాండులో మూడుసార్లు అడిగారు.

ఆ గుమస్తా గారి తప్పేమీ లేదని తర్వాత తెలిసింది. దరఖాస్తుకు ఆఖరి తేదీ నాటికే అర్హత చేతిలో ఉండాలని, ఇంటర్వ్యూ నాటికి వస్తే సరిపోదని సుప్రీంకోర్టు 1993లో ఒక రాజస్థాన్ యూనివర్సిటీ కేసులోను, 1997లో జమ్మూ కాశ్మీర్ కేసులోను స్పష్టంగా చెప్పింది. కారణం మళ్ళీ విజయనగరం కారణమే. నాలాగే ఫలితాలు రాక, నియమం పాటించి దరఖాస్తు చేయనివారి మాటేమిటి? అయితే ఏ తేదీ అన్నది ప్రకటనలో వేరే రాస్తే అదే చెల్లుతుంది. ఏ.పి.పి.ఎస్.సి. నోటిఫికేషన్లలో సాధారణంగా నోటిఫికేషన్ ఇచ్చిన తేదీ నాటికే అర్హత ఉండాలంటారు. అది ఆఖరి తేదీ కన్నా ఇంకా ముందు. మార్కుల మెమో మీద, ప్రొవిజనల్ మీద, కాన్వొకేషన్ పట్టా మీద వేరువేరు తేదీలుంటాయి. ప్రొవిజనల్ రాగానే దాని జిరాక్సు తీసి మీద ఉన్న తేదీని ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

పేరులో ఉన్న తేడా

మా కొల్లేరు ప్రాంతం పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. మన వైపు డిగ్రీ కాలేజీల్లో ఆక్వాకల్చర్ ఒక సబ్జెక్టుగా చాలామంది తీసుకుంటారు. నాదీ అదే, తర్వాత ఎమ్.ఎస్సి. జువాలజీ చేశాను. నా మిత్రుడొకడు ఒకచోట ఫిషరీస్ అని రాసిన పోస్టుకు వెళితే, నీ మెమోలో ఆక్వాకల్చర్ అని ఉంది, రెండూ ఒకటేనని మీ యూనివర్సిటీ నుండి కాగితం తెమ్మన్నారు. వాడు చెరువు గట్టు మీద పుట్టినవాడు, బొచ్చె పిల్లను, శీలావతి పిల్లను చీకట్లో చేతితో తడిమి చెప్పగలడు. ఆ కాగితం తెచ్చేసరికి గడువు దాటింది. ప్రకటనలో ‘తత్సమాన అర్హత’ అని ఉంటే సంతోషించవద్దు. ఆ సమానత్వం ఎవరు తేలుస్తారు, దానికి కాగితం ఏది, అది ముందే తెచ్చుకోవాలా అని అడగండి. స్కూల్ అసిస్టెంట్ పోస్టులకు కూడా ఇంతే. డిగ్రీలో ఏ సబ్జెక్టులు, బి.ఇడి.లో ఏ మెథడాలజీ అని రెండూ కుదరాలి. మెథడాలజీని బి.ఇడి.లో చేరిన రోజున తోటివాళ్ళను చూసి టిక్కు పెట్టేస్తాం. తర్వాత జీవితాంతం అదే.

దూరవిద్య గురించి ఒక్క మాట. 1982లో మన రాష్ట్రంలోనే దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. ఇప్పుడు అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు మీద ఉంది. ఇంటర్ లేనివాళ్ళు కూడా ప్రవేశ పరీక్ష రాసి డిగ్రీ చదవగలిగారు. మా లంకలో బాబాయి వరసవాళ్ళు ఇద్దరు అలాగే చదివారు. ఆ డిగ్రీ మంచిదే. కాని ఎస్.జి.టి. లాంటి పోస్టులో ఇంటర్ మార్కుల శాతం విడిగా అడుగుతారు, అప్పుడు లేని ఇంటర్ ఎక్కడనుండి తెస్తాం? డిగ్రీయే లేకుండా నేరుగా సార్వత్రిక పద్ధతిలో ఎమ్.ఏ. చేసినవారి విషయం ఇంకా కష్టం. 2009లో తమిళనాడు నుండి వెళ్ళిన కేసులో అలాంటి ఎమ్.ఏ. ఉద్యోగానికి చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. మెట్టు దాటి ఎక్కితే మేడ మీదకు చేరవచ్చు గాని, కింద మెట్టు చూపించమని అడిగేవాళ్ళు ఉంటారు.

ఉద్యోగం వచ్చాక అర్హత గొడవ ఉండదనుకోవడం కూడా సరికాదు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు, రిటైర్మెంటుకు అయిదేళ్ళకు మించి సర్వీసు మిగిలి ఉన్న టీచర్లు రెండేళ్ళలో టెట్ పాసవ్వాలని తీర్పు ఇచ్చింది. నాకు చదువు చెప్పిన సార్లు కొందరు ఇప్పుడు మళ్ళీ టెట్ పుస్తకాలు తిరగేస్తున్నారు.

నోటిఫికేషన్ వస్తే నేనిప్పుడు చేసే పని చెబుతాను. పేపరు వార్త చూసి ఊరుకోను. అసలు నోటిఫికేషన్ ప్రింటు తీయించి, విద్యార్హత పేరాను పెన్సిలుతో ఒక్కొక్క మాట విడదీసి చదువుతాను. ‘మరియు’ ఎక్కడ, ‘లేదా’ ఎక్కడ చూస్తాను. శాతం ఎంత, ఎస్.సి., ఎస్.టి., బి.సి.లకు సడలింపు ఎంత, అది ఇంటర్‌కా, డిగ్రీకా చూస్తాను. ఎస్.జి.టి. విషయంలో ఇంటర్‌కు 50 శాతం అంటే మనకు 45. 44.8 వచ్చిన మిత్రుడొకడు దాన్ని 45గా లెక్క కట్టుకుని దరఖాస్తు పెట్టి భంగపడ్డాడు. ఇంగ్లీషులో అర్థం కాని మాట ఉంటే సిగ్గుపడకుండా లెక్చరరు గారి దగ్గరకు వెళతాను. ఇంకా అనుమానం ఉంటే ఆ శాఖకు రాసి అడుగుతాను, సమాధానం కాగితం మీద తీసుకుంటాను. ఫోన్లో చెప్పిన మాట పరిశీలన బల్ల దగ్గర చెల్లదు.

మొన్న దసరాకు ఇంటికి వెళ్ళాను. పెద్దమ్మ చిన్న కూతురు ఇంటర్ పాసైంది. అక్క దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, డి.ఇడి.కి ఎలా చేరాలో, డీసెట్ ఎలా రాయాలో చెబుతోంది. తన పుస్తకాల్లో పనికొచ్చేవి విడిగా తీసి గోనెసంచిలో పెట్టింది. చెల్లి నన్ను అడిగింది: “అన్నయ్యా, నేను ఈ రెండేళ్ళు చదివేలోపు మళ్ళీ మార్చేస్తే?”

నేను అక్క వైపు చూశాను. అక్క తల ఎత్తలేదు. “డిగ్రీ కూడా దూరవిద్యలో కట్టు, ఇంటర్ మెమో మాత్రం పోగొట్టకు” అని చెప్పి, ఆ మెమో తీసుకుని వెలుతురులోకి పట్టుకుని మార్కులు కూడటం మొదలుపెట్టింది.